మట్టి పోయకండి, ఇంటిని అడ్డం తిప్పండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా ఎస్.కోట. ఊరి చివర, అరకు రోడ్డు వైపు 12 సెంట్ల స్థలం కొన్నాం. వీధి తూర్పున ఉంది. ముఖం 60 అడుగులు, లోతు 87. పడమర కొండవైపు ఎత్తు, వీధివైపు పల్లం. మొత్తం 7 అడుగుల తేడా ఉందట. మా ఇంజినీరుగారు 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవుతో మూడు పడగ్గదుల ఇల్లు గీశారు (ప్లాను జతచేశాను). స్థలమంతా మట్టి పోసి వెనక మట్టానికి లేపి, వీధివైపు రిటైనింగ్ వాల్ కట్టాలంటున్నారు. మావారేమో ఎలాగూ పల్లమే కాబట్టి ఇంటి కింద కారు పార్కింగ్ పెడదామంటారు. మా తమ్ముడు వీడియోల్లో చూసి స్ప్లిట్ లెవెల్ కట్టమంటాడు, హాలు కింద, పడగ్గదులు నాలుగైదు మెట్ల పైన. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటేనే భయం. మామగారికి సిద్ధాంతిగారి మాటంటే గురి. ఇంట్లో ఎత్తుపల్లాలు కూడదు, పెద్దవాళ్ళ గది నైరుతిలోనే, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలోనే, బోరు ఈశాన్యంలోనే అంటున్నారు. వెనకాల పెద్ద పనసచెట్టు ఉంది, మట్టి పోస్తే దాన్ని కొట్టేయాల్సి వస్తుందేమో. తలా ఒక మాట, నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఎస్.కోట

జవాబు: అమ్మా, మీరు పంపిన ప్లానులో గదుల కొలతలకి వంక పెట్టడానికేమీ లేదు. చిక్కంతా ఆ ఇంటిని స్థలంలో నిలువుగా పెట్టడం వల్ల వచ్చింది. దాన్ని అడ్డం తిప్పితే మీ ఇంట్లో నడుస్తున్న వాదనల్లో సగం వాటంతటవే తీరిపోతాయి.

లెక్క చూడండి. 87 అడుగుల్లో 7 అడుగులు దిగుతోందంటే సుమారుగా 12 అడుగులకి ఒక అడుగు వాలు. 50 అడుగుల పొడవున్న ఇంటిని వాలు వెంట నిలబెడితే ముందు గోడకీ వెనక గోడకీ మధ్య నేల 4 అడుగులు తేడా వస్తుంది. అదే ఇంటిని తిప్పి, వీధివైపు 46 అడుగుల ముఖం, 33 అడుగుల లోతు ఇవ్వండి. చదరపు అడుగులు దాదాపు అవే, 1,518. నేల తేడా మాత్రం 2 అడుగుల 8 అంగుళాలకి తగ్గిపోయింది. స్థలంలో 7 అడుగుల తేడా ఉంటే ఉండనివ్వండి, ఇంటి కింద ఎంత ఉందన్నదే మనకి ఖర్చు.

మరి ఇంజినీరుగారు నిలువుగా ఎందుకు గీశారంటే, అది అలవాటు. మన ఉత్తరాంధ్ర ఊళ్ళలో వీధి వరస ఇళ్ళు వీధికి సన్నగా, పెరటికి పొడుగ్గా ఉంటాయి. వీధి అరుగు, నడిమిల్లు, వంటిల్లు, పెరడు ఒకదాని వెనక ఒకటి. టౌనులో అమ్మే ప్లాట్లూ ఆ తీరువే, 30 అడుగుల ముఖం దొరికితే గొప్ప. అలాంటి చోట నిలువు ప్లాను తప్పదు. మీకు 60 అడుగుల ముఖం ఉంది, పైగా వాలు. ఇక్కడ ఆ ప్లానుతో పనిలేదు.

ఇక మట్టి సంగతి. స్థలమంతా వెనక మట్టానికి లేపాలంటే సగటున మూడున్నర అడుగుల చొప్పున 5,220 చదరపు అడుగుల మీద పోయాలి. అంటే 18 వేల ఘనపుటడుగులు దాటుతుంది. ట్రాక్టరు తొట్టెలో వంద ఘనపుటడుగులు పడుతుందనుకున్నా 180 ట్రాక్టర్లు. దిమ్మిస కొట్టాక అణిగేదానికి ఇంకో పాతికో, అంతకు మించో కలుపుకోండి. పోనీ అంత పోశాక ఇల్లు ఆ మట్టి మీద కూర్చుంటుందా అంటే, కూర్చోకూడదు. ఫుటింగులు, అంటే పిల్లర్ల అడుగున వేసే కాంక్రీటు పాదాలు, ఆ పోసిన మట్టిని దాటి అసలు నేలలోకి దిగాల్సిందే. అంటే డబ్బిచ్చి మట్టి పోయించి, మళ్ళీ డబ్బిచ్చి అదే మట్టిలోంచి పిల్లర్లు దింపుతారు.

దానికి తోడు వీధివైపు 7 అడుగుల గోడ. మట్టిని ఆపే గోడ మీద తోపుడు ఎత్తుతో పాటు సమంగా పెరగదు. ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లు, గోడని వీధిలోకి తిరగేసే బలం ఎనిమిది రెట్లు. వెనక మట్టి నానితే ఇంకా ఎక్కువ. అందుకే అలాంటి గోడకి కంకర ఫిల్టరు, నీళ్ళు పోవడానికి కన్నాలు లేకపోతే ఒక పెద్ద తుఫాను చాలు. తుఫానుల ముచ్చట మీకు నేను చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2021 సెప్టెంబరులో గులాబ్, రెండూ చూసిన ప్రాంతం మీది. ఇంకొక మాట. తూర్పు పల్లం, పడమర ఎత్తు ఉన్న స్థలం సిద్ధాంతులు వెతికి మరీ కొనిపించే రకం. అలాంటి వాలుని డబ్బు పెట్టి పూడ్చడమేమిటో మామగారినే అడగండి!

అడ్డం తిప్పిన ఇల్లు ఎక్కడ కూర్చోవాలో చెబుతాను. వీధి నుంచి 27 అడుగులు వదిలి ముందు గోడ, అక్కణ్ణుంచి 33 అడుగులకి వెనక గోడ. ఉత్తరాన 8 అడుగులు, దక్షిణాన 6 అడుగులు ఖాళీ. వెనక గోడకి ఆనుకుని, పడమర పొడవునా 6 అడుగుల వసారా. వసారా దాటాక ఇంకా 21 అడుగుల పెరడు మిగులుతుంది. ఇంట్లో గచ్చు మట్టం వీధి మట్టానికి 5 అడుగుల ఎత్తున పెట్టండి. ముందు గోడ దగ్గర నేల వీధికి 2 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, వెనక గోడ దగ్గర సుమారు 5 అడుగులు. అంటే ముందువైపు రెండడుగుల పైన నింపుతాం, వెనక్కి వచ్చేసరికి దాదాపు ఏమీ ఉండదు. గచ్చు కాంక్రీటు మందం పోను, ఇంటి లోపల నింపడానికి సుమారు 1,600 ఘనపుటడుగులు పడుతుంది, పదహారు ట్రాక్టర్లనుకోండి. అందులో కొంత వెనక కోసిన మట్టీ, పునాదుల్లో మిగిలిన మట్టీ సరిపెడతాయి. ఆ నింపేది కూడా ఒకేసారి గుమ్మరించకుండా, అరడుగు నుంచి ముప్పావు అడుగు మందాన పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టించండి. తొందరపడితే రెండేళ్ళకి హాల్లో టైల్సు డొల్ల చప్పుడు చేస్తాయి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం, మీ అత్తగారు. ముందువైపు నేల నుంచి గచ్చుకి 34 అంగుళాలు. దీన్ని ఆరు మెట్లుగా ఒకే దమ్ములో కట్టకండి. మూడు మెట్లెక్కితే 6 అడుగుల వెడల్పు వీధి అరుగు, అక్కణ్ణుంచి మూడు మెట్లకి గుమ్మం. మెట్టు ఎత్తు 6 అంగుళాలు దాటొద్దు, కాలు పెట్టే వెడల్పు అడుగు ఉండాలి. రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీ పెట్టించండి. వచ్చిపోయేవాళ్ళు, పాలబ్బాయి, గ్యాసు బండ అన్నీ ఇటే.

ఆవిడకి మాత్రం వేరే దారుంది, మెట్టే లేని దారి. చక్రాల కుర్చీకి వేసే ర్యాంపు 12 అడుగులకి ఒక అడుగు మించకూడదని నియమం. మీ స్థలం పుట్టుకతోనే ఇంచుమించు ఆ వాలులో ఉంది. అందుకని గేటుని తూర్పు నడిమికి పెట్టి, అక్కణ్ణుంచి ఐమూలగా ఉత్తరం పక్కకి, ఆ 8 అడుగుల ఖాళీలోంచి వెనక వసారా దాకా 4 అడుగుల బాట వేయండి. మధ్యలో ఒకచోట 5 అడుగులు చదునుగా వదిలినా, మొత్తం బాట వాలు 12కి ఒకటి లోపే వస్తుంది. బాట చివర అందుకునే మట్టం వీధికి 5 అడుగుల ఎత్తు, అంటే సరిగ్గా మీ గచ్చు మట్టం. వసారా వెంట నడిచి నైరుతి గదిలోకి తలుపు. మామగారు కోరినట్టు పెద్దవాళ్ళు నైరుతిలోనే ఉంటారు, అత్తగారు గేటు నుంచి మంచం దాకా ఒక్క మెట్టు కూడా ఎక్కరు. బాటకి నున్నటి టైల్సు వద్దు, వాన పడితే జారతాయి. గరుకు సిమెంటు, ఒక పక్క కమ్మీ, రెండు లైట్లు చాలు. ఆ గది తలుపూ, బాత్రూం తలుపూ 3 అడుగుల వెడల్పుండాలి. మీ ప్లానులో బాత్రూం తలుపు రెండడుగుల చిల్లరే ఉంది, వాకరుతో లోపలికి పోవడం కుదరదు. బాత్రూం గచ్చు గది గచ్చుకి అర అంగుళానికి మించి దిగొద్దు. కమోడు పక్కన పట్టుకునే కమ్మీకి ఇప్పుడే గోడలో గట్టి ఇటుక కట్టించి ఉంచండి.

వెనక వసారాకి ఇంకో లాభముంది. పడమటి ఎండ గోడ మీద పడదు. వేసవి సాయంత్రాల్లో మీ మూడు పడగ్గదుల సంగతి నేను చెప్పనక్కర్లేదు. రేకులు మాత్రం వేయకండి. హుద్‌హుద్ నాడు రేకులు ఎలా ఎగిరాయో మీ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. సన్న స్లాబైనా సరే, ఇంటి బీములకి కట్టుబడి ఉండాలి.

తమ్ముడి స్ప్లిట్ లెవెల్ చెడ్డ ఆలోచన కాదు. మోకాళ్ళు బాగున్న వాళ్ళ ఇంట్లో పునాది ఖర్చు తగ్గిస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది. మీ ఇంట్లో మాత్రం హాల్లో టీవీ చూసి పడుకోబోయిన ప్రతిసారీ నాలుగైదు మెట్లు. ఇంటి కింద తేడాయే రెండున్నర అడుగులకి వచ్చాక దాని అవసరమూ పోయింది. ఇక మీవారి పార్కింగు. కారు దూరి, మనిషి నిలబడాలంటే బీము కింద కనీసం ఏడున్నర అడుగులు కావాలి. అక్కడున్నది మూడడుగుల లోపు. అంత ఎత్తు తేవాలంటే ఇంటినే ఒక అంతస్తు పైకి లేపాలి, అత్తగారు అక్కడితో ఆ ఇంటికి అతిథి అయిపోతారు. కారుని అరుగు పక్కన ముందు ఖాళీలో పెట్టుకోమనండి. అరుగూ మెట్లూ పోయినా ముందు 18 అడుగులు మిగులుతుంది, దానికి చాలు.

నీళ్ళ మాటకి వస్తే, ఏటవాలు స్థలంలో ఇంటికి శత్రువు వెనక నుంచే వస్తుంది. కొండ మీద కురిసిన నీళ్ళు మీ పెరట్లోకి దిగి, వెనక పునాది దగ్గర ఆగి, గోడల్లోకి చెమ్మగా ఎక్కుతాయి. వసారా అవతల మట్టిని కోసి, ఆ నేల గచ్చు కన్నా అడుగు కిందికి ఉండేలా చూడండి. దానికి నాలుగడుగుల అవతల కొండరాయితో చిన్న గోడ, రెండడుగుల లోపే సరిపోతుంది, కింద నీళ్ళ కన్నాలతో. ఆ గోడకీ వసారాకీ మధ్య అడుగు వెడల్పు, అడుగు లోతు సిమెంటు కాలువ. కాలువ నడిమి నుంచి రెండు పక్కలకీ వాలు ఇచ్చి, ఉత్తర దక్షిణ ప్రహరీల వెంట వీధి కాలువలోకి తీసుకుపోండి. పారతో ఆకులు తీయడానికి వీలుగా పైన తెరిచే ఉంచండి, పనస ఆకులు బాగా రాలతాయి. స్లాబు మీది గొట్టాలు వెనక్కి దింపొద్దు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 1,500 అడుగుల స్లాబు మీద దాదాపు 7,000 లీటర్లు పడతాయి. ఆ నీళ్ళన్నీ తూర్పువైపే దిగాలి. కుదిరితే ఒక సంపులోకి మళ్ళించుకోండి.

సెప్టిక్ ట్యాంకు విషయంలో మాత్రం సిద్ధాంతిగారితో కూర్చుని మాట్లాడాల్సిందే. వాయవ్యం మూల మీ స్థలంలో అన్నిటికన్నా ఎత్తైన చోట్లలో ఒకటి. అక్కడ ట్యాంకు పెడితే బాత్రూం నీళ్ళు ఎదురెక్కలేవు కాబట్టి ట్యాంకుని బాగా లోతుకి దింపాలి. దింపినా, ట్యాంకు నీళ్ళు ఇంకే గుంత (సోక్ పిట్) లోంచి ఊరిన నీరు వాలు వెంట ఇంటి పునాదుల కిందకే వస్తుంది. ఇది శాస్త్రంతో తగువు కాదు, నీటికి ఉన్న గుణం. చాలామంది సిద్ధాంతులు తూర్పు నడిమికి ట్యాంకు ఒప్పుకుంటారు. ఆ మాట మీద ఒప్పించండి. ముందు ఖాళీలో, గేటుకి దక్షిణంగా పెడితే గొట్టాలకి 40 అడుగులకి ఒక అడుగు వాలు సులువుగా దొరుకుతుంది, శుభ్రం చేసే బండి పైపు వీధిలోంచే అందుతుంది. కారు చక్రం దాని మీద పడేలా ఉంటే పైస్లాబు ఆ బరువుకి తగ్గట్టు వేయించండి.

ట్యాంకు అక్కడికొస్తే బోరు ఈశాన్యం మూలనే వేయడం మంచిది కాదు. రెండూ దగ్గరైపోతాయి. ఉత్తరం గోడ వెంట, వీధి నుంచి 40 అడుగుల లోపలికి జరపండి. అది ఉత్తరం నడిమికి కాస్త ఈశాన్యం వైపే పడుతుంది, ఆయనకీ మాట నిలుస్తుంది. సోక్ పిట్‌కీ బోరుకీ మధ్య 50 అడుగుల దాకా దూరం వస్తుంది, పైగా బోరు ఎత్తు మీద, పిట్ పల్లంలో. ఆ వరస తారుమారు కాకూడదు.

మిగతా గదులు క్లుప్తంగా. తూర్పువైపు వరసలో ఆగ్నేయాన వంటిల్లు, మధ్య నుంచి ఈశాన్యం దాకా హాలు, ఆ మూలన దేవుడి గది. పడమటి వరసలో మూడు పడగ్గదులు. మధ్యన 4 అడుగుల నడవ. పాత ప్లానులో 28 అడుగుల చీకటి నడవ ఉంది చూడండి, దాంట్లో సగం హాల్లో కలిసిపోతుంది. వంటింటికి పక్క తలుపు పెడితే బయట మూడడుగుల పల్లం ఉంటుందని మరిచిపోకండి. అక్కడ గిన్నెలు తోముకునే గట్టు గచ్చు మట్టానికే వేయించండి, లేకపోతే పనిమనిషి రోజంతా ఎక్కి దిగుతూ ఉండాలి.

ఇదంతా "7 అడుగుల తేడా ఉందట" అన్న మీ మాట మీద కట్టిన లెక్క. ఆ "అట" ముందు తీసేయాలి. తాపీ మేస్త్రి దగ్గర సన్నటి తెల్ల గొట్టం ఉంటుంది, దాన్ని నీళ్ళతో నింపమనండి. బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే లెక్క తప్పుతుంది. గొట్టాన్ని ఒక కొసని కొండవైపు మేకు దగ్గర, రెండో కొసని వీధివైపు పది అడుగుల దూరంలో ఇంకో మేకు దగ్గర నిలబెట్టి, నీళ్ళు ఆడడం ఆగాక రెండు చోట్లా గీత పెట్టించండి. గీత నుంచి నేల దాకా టేపుతో కొలిస్తే తేడా తెలిసిపోతుంది. ఇలా స్థలమంతా పది అడుగులకొక మేకు చొప్పున కొలిచి, కాగితం మీద అంకెలు వేయండి. వాలు సాఫీగా లేదని, ఒక పక్కకి ఒరుగుతోందని అప్పుడు తేలొచ్చు. తేలితే ఇంటిని అడుగో రెండడుగులో అటూ ఇటూ జరపాలి. గులాబ్ తుఫానులో నీళ్ళు ఏ దారిన పారాయో పక్క స్థలంలో పాతకాపు ఎవరైనా ఉంటే అడిగి, అది కూడా ఆ కాగితం మీదే గీయండి.

అలాగే వెనక మూల ఒకటి, ముందు మూల ఒకటి, ఆరడుగుల గోతులు తవ్వించండి. కొండ వాలుల్లో పైన రెండడుగులకే రాయి తగిలి, కింద వానకి కొట్టుకొచ్చిన మెత్తమట్టి మూడు నాలుగు అడుగులు ఉండటం మామూలే. ఇంటి సగం రాతి మీద, సగం మెత్తమట్టి మీద కూర్చుంటే కుంగుడు తేడా వచ్చి మధ్య గోడలు పగులుతాయి. ముందువైపు ఫుటింగులు ఎంత లోతుకి పోవాలో గోతులు చూశాకే ఇంజినీరుగారు చెప్పగలరు. పిల్లర్లు వేరువేరు లోతుల్లో మొదలైనా గచ్చు కింద వచ్చే ప్లింత్ బీము మాత్రం అన్నిటినీ ఒకే మట్టంలో కట్టేయాలి. ఆయన్ని నిలువు కోత డ్రాయింగు కూడా అడగండి. వీధి నుంచి పెరడు దాకా ఇంటిని నిలువునా కోసినట్టు, అసలు నేల గీతా కొత్త మట్టాలూ దాని మీద కనబడాలి. అది చేతికి రాకుండా ప్లాను అప్రూవలుకి పెట్టకండి. ఏటవాలు స్థలంలో పై నుంచి చూసిన ప్లాను ఒక్కటే చూపిస్తే ఎవరికైనా అన్నీ చదునుగానే కనిపిస్తాయి.

పనసచెట్టుని కొట్టనక్కర్లేదు. ఇప్పుడు పెరట్లో 21 అడుగులుంది, వెనక హద్దుకి దగ్గరగా ఉంటే దాని పాటికి అది ఉంటుంది, పైగా దాని వేళ్ళే మీ వెనక గట్టుని పట్టి ఉంచుతాయి. మొదలు చుట్టూ మట్టి మాత్రం ఎత్తుగా పోయకండి, ఊపిరాడక చెట్టు ఎండిపోతుంది. రాతి గోడ పునాది తవ్వేటప్పుడు పెద్ద వేరు తగిలితే నరక్కుండా గోడనే కాస్త వంపు తిప్పమనండి.

బోరు మాత్రం పునాదులకి ముగ్గు పోసి మార్కింగు చేయడానికి ముందే వేయించేయండి. ఇల్లు లేచాక ఆ 8 అడుగుల సందులోకి రిగ్గు లారీ రాదు.